జాకీల జత వస్తే నాకెందుకు చెమటలు పడతాయంటే

మొన్న రెండో శనివారం రాత్రి మా మేడ మీద పోకర్ ఆటలో నాకు మళ్లీ జాకీల జత పడింది. ముక్కలు కొంచెం ఎత్తి చూసుకున్నాను, ఆఠీను జాకీ, కళావరు జాకీ. చూసిన వెంటనే విసుగొచ్చింది. ఆసుల జత వస్తే ఏం చెయ్యాలో తెలుసు, రాజులొచ్చినా తెలుసు, ఏడూ రెండూ వస్తే ఇంకా బాగా తెలుసు, పడేసి వెళ్లి మంచినీళ్లు తాగి రావచ్చు. ఈ జాకీలున్నాయే, వీటిని పడెయ్యడానికి చేతులు రావు, నమ్మడానికి మనసు రాదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

మేం ఆడేది చింతపిక్కలతోనని ముందే చెప్పేస్తున్నా. మా అమ్మ ఏటా చింతపండు గింజ తీసి డబ్బాలో దాచేది, చిన్నప్పుడు వాటితో మా అక్క వామనగుంటలు ఆడుకునేది, ఇప్పుడు అవే పిక్కలు మనిషికి వంద చొప్పున పంచుకుంటాం. ముందుగా ఖాళీ అయినవాడు కిందికి దిగి వెళ్లి అందరికీ పునుగులు తేవాలి, అంతకు మించి పందెం లేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే గేమింగ్ చట్టం సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్లను ఆపేశారు, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. నేను బ్యాంకులో పనిచేస్తాను, ఆ యాప్‌ల వల్ల ఖాళీ అయిపోయిన కుర్రాళ్ల ఖాతాలు చూశాను కాబట్టి చెబుతున్నా, ఇది చదివి ఎవరూ ఏదో వెతుక్కుని డబ్బు పెట్టొద్దు. పిక్కలైతే పోయినా మళ్లీ డబ్బాలోకే పోతాయి.

పోకర్‌ని మా ఇంట్లోకి తెచ్చింది మా మేనల్లుడు. గుంటూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. అక్కా బావా వాళ్లు బ్రాడీపేటలో ఉంటారు, మేం ఇక్కడ బెజవాడ సత్యనారాయణపురంలో. బావది మిర్చి యార్డులో వ్యాపారం. రెండో శనివారం నాకు సెలవు కాబట్టి సాయంత్రానికి వాళ్లు కారేసుకుని వారధి దాటి వచ్చేస్తారు. మేనల్లుడి స్నేహితుడొకడు, మా వీధి చివర రిటైరైన లెక్కల మాస్టారు, పక్కింట్లో మందుల షాపాయన, వీళ్లతో కలిపి ఆరుగురం. ఎండాకాలం మేడ మీద బకెట్లకొద్దీ నీళ్లు చల్లి చాపలు పరిచినా గచ్చు పదింటిదాకా వేడి కక్కుతూనే ఉంటుంది, అయినా కిందకి పోదామని ఒక్కడూ అనడు.

మాలో కుర్రాళ్లిద్దరు తప్ప అందరం రమ్మీలో పుట్టి పెరిగినవాళ్లమే. మా నాన్నయితే ఎవరైనా పేకాటని తప్పుగా మాట్లాడితే 1968 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఎత్తుకునేవారు, మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన కేసది, రమ్మీలో ప్రధానంగా కావలసింది నైపుణ్యమని, మూడుముక్కలాటలాగా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదని కోర్టు చెప్పింది. ఆ నైపుణ్యం ఆయనకెంత ఉందో మా అమ్మకి తెలుసు, అది వేరే కథ.

ఈ రమ్మీ అలవాటే జాకీల దగ్గర మా కొంప ముంచింది. రమ్మీలో జాకీ అంటే పది పాయింట్ల బరువు. సీక్వెన్స్ పడకపోతే ముందు వదిలించుకునేది బొమ్మల్నే. ఇంకొకటి, రమ్మీలో చెయ్యి మారుతూ ఉంటుంది, ఒక ముక్క తీస్తాం, ఒకటి పారేస్తాం, రెండు జాకీలుంటే మూడోది ఎక్కడో ఉంటుంది, వస్తుందిలే అని ఎదురుచూస్తాం. పోకర్‌లో ఆ సౌకర్యం లేదు. చేతికి రెండే ముక్కలు, అవి మారవు. మధ్యలో అందరికీ కలిపి ముందు మూడు తెరుస్తారు, దాన్ని ఫ్లాప్ అంటారు, తర్వాత ఒకటి, అది టర్న్, ఆఖర్న ఇంకొకటి, రివర్. మొత్తం ఏడింట్లో ఎవరి మంచి ఐదు వాళ్లవి. ఎదురుచూడ్డానికి మనం తీసేది ఏమీ లేదు, అందరి ముందూ పడేవే మనకీ పడతాయి. మూడో జాకీ ఫ్లాప్‌లో పడేది నూటికి 12 సార్లు. మిగతా 88 సార్లు ఉన్న జతతోనే కాపురం చెయ్యాలి.

అలాగని జాకీలు చిన్న చెయ్యేం కాదు. రెండు ముక్కల జోడీలు మొత్తం 1326 రకాలుగా రావచ్చు, అందులో జాకీల జత ఆరే, అంటే 221 సార్లకి ఒకసారి పడుతుంది. దీనికంటే పెద్ద జతలు మూడే, రాణులు, రాజులు, ఆసులు. మిగిలిన ఐదుగురిలో ఎవరో ఒకరి దగ్గర ఆ మూడింట్లో ఒకటి ఉండే అవకాశం నూటికి ఏడు దగ్గర. అంటే వందలో తొంభైమూడు సార్లు, ముక్కలు పంచిన క్షణంలో, మన జత కంటే పెద్ద జత ఆ చాప మీద ఎవరి దగ్గరా లేదు. ఇది తెలిసి కూడా నాకు చెమటలెందుకు? ఎందుకంటే ఫ్లాప్‌లో కనీసం ఒక రాణో రాజో ఆసో పడే అవకాశం నూటికి 57. సగానికంటే ఎక్కువసార్లు మన పైవాడొకడు బోర్డు మీద వచ్చి కూర్చుంటాడు. పదుల జతకో తొమ్మిదుల జతకో ఇంకా ఎక్కువసార్లు అలా జరుగుతుంది, కానీ వాటి మీద మనకి ఆశ తక్కువ కాబట్టి బాధ కూడా తక్కువే. జాకీల మీద ఆశ ఉంటుంది. జాకీల జతకి ఇంగ్లీషులో ఫిష్‌హుక్స్ అని ముద్దుపేరు, జె అక్షరం గాలంలా ఉంటుందని. పేరు బాగా కుదిరింది, కాకపోతే చాలాసార్లు ఆ గాలానికి తగులుకునేది పట్టుకున్నవాడే.

మొదటి ఏడాదంతా నేను చేసిన పని ఏంటంటే, భయపడి ఊరికే రెండు పిక్కలు పెట్టి చూడటం. మా ఆటలో బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా పెట్టి తీరాల్సిన పిక్కలు, ఒకటీ రెండూ, ఒకటి పెట్టేవాడు స్మాల్ బ్లైండ్, రెండు పెట్టేవాడు బిగ్ బ్లైండ్. పెంచకుండా రెండే పెట్టేవాణ్ణి, ఫ్లాప్ చూద్దాం, బొమ్మలు పడకపోతే అప్పుడు విజృంభిద్దాం అని. వినడానికి ఎంత తెలివిగా ఉందో చూడండి. ఒకరోజు అలాగే రెండు పెట్టాను, నన్ను చూసి ఇంకో ముగ్గురు రెండేసి పెట్టారు, పక్కింటాయన బిగ్ బ్లైండ్‌లో ఉన్నాడు, ఆయన రెండూ ముందే పెట్టేసి ఉన్నాయి కాబట్టి ఉచితంగా కూర్చున్నాడు. ఫ్లాప్ తొమ్మిది, ఏడు, నాలుగు. ఒక్క బొమ్మ లేదు. నాకు సంక్రాంతి ముందే వచ్చేసినట్టు అనిపించింది. పిక్కలు వేశాను, ఆయనా అన్నే ఇచ్చాడు. మళ్లీ వేశాను, మళ్లీ ఇచ్చాడు. ఆఖర్న ఆయన తెరిచింది తొమ్మిదీ నాలుగూ, రెండు జతలు. నలభై పైన పిక్కలు ఆయన వైపు దొర్లిపోయాయి. నేను మొదట్లోనే ఆరో ఎనిమిదో పెట్టి ఉంటే ఆ తొమ్మిదీ నాలుగూ ఎప్పుడో చెత్తలోకి పోయేవి. తలుపు నేనే తీసి, కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి మరీ కూర్చోబెట్టాను.

అప్పుడు మేనల్లుడు చెప్పింది ఇప్పటికీ గుర్తుంది. "నీ 57 శాతం మారదు మావయ్యా, ఎంతమంది ఉన్నా అంతే. కానీ బోర్డు మీద రాజు పడ్డప్పుడు ఎదురుగా ఒక్కడుంటే ఆ ఒక్కడి దగ్గర రాజు లేకపోవచ్చు, నలుగురుంటే ఎవడో ఒకడి దగ్గర ఉండి తీరుద్ది." ఎంత చిన్న విషయం, ముప్ఫై ఏళ్లు పేకాడిన నాకు తట్టలేదు. పెంచేది పిక్కల కోసమే కాదు, జనాన్ని తగ్గించుకోడానికి కూడా.

దాంతో నేను మారిపోయాను. ఎటు మారానంటే, తగలబడేటటువైపు. ఫ్లాపే కదా సమస్య, అసలు ఫ్లాప్ చూడకుండా ఉంటే పోలేదా అని జాకీలు రాగానే ఉన్న వందా ముందుకి నెట్టడం మొదలుపెట్టాను. రెండుసార్లు అందరూ పడేశారు, మధ్యలో ఉన్న మూడంటే మూడు పిక్కలు ఏరుకున్నాను. మూడోసారి మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, తన వందా పదేసి చొప్పున పది కుప్పలుగా పేర్చి ముందుకి జరిపారు. రాణుల జత. రాణుల మీద జాకీలు గెలిచేది ఐదింట ఒకసారి కూడా లేదు, ఆ ఒకసారి ఆ రోజు కాదు. పునుగులు నేనే తెచ్చాను. మెట్లు దిగుతుంటే వెలిగింది, నేను వంద నెడితే నాకంటే చిన్న చెయ్యి ఉన్న బుద్ధిమంతుడెవడూ రాడు, పదుల జతవాడు పారిపోతాడు, ఆసూ పదీ పారిపోతాయి, వాళ్ల దగ్గర నేను గుంజాల్సిన పిక్కలు వాళ్ల దగ్గరే ఉండిపోతాయి. వచ్చేదల్లా నన్ను కొట్టగలవాడు, మహా అయితే ఆసూ రాజూ ఉన్నవాడు. ఆసూ రాజుల మీద జాకీలు ముందే ఉంటాయి, నూటికి 54 నుంచి 57 దాకా, కానీ ఉన్నదంతా పెట్టి బొమ్మా బొరుసా వేసుకోవడానికి మేడ మీద చాప ఎందుకు, వీధిలో నాణెం ఎగరేసుకోవచ్చు.

ఇప్పుడు నేను ఆడే పద్ధతి చెబుతాను, గొప్పదని కాదు, ఇన్ని పునుగులు తెచ్చాక మిగిలింది ఇదే. నా ముందు ఎవరూ పెంచకపోతే ఆరుకి పెంచుతాను. ముందు ఎవరైనా ఊరికే రెండు పెట్టి కూర్చుంటే మనిషికి రెండు కలుపుతాను, ఎనిమిది, పది అలా. ఎక్కడ కూర్చున్నానన్నది పెంచాలా వద్దా అన్నదాన్ని మార్చదు, తర్వాత ఎంత ధైర్యంగా ఉండాలన్నది మారుస్తుంది. బటన్ అనే చోట ఉంటే అందరూ చెప్పాక చివర్న మాట్లాడేది నేను, ఎదుటివాడి మొహం చూశాక నా పని. మొదట మాట్లాడాల్సిన చోట అదే జాకీలు సగం బలమే అనిపిస్తుంది.

అసలు చిక్కు నేను పెంచాక ఇంకొకరు నా మీద పెంచినప్పుడు. ఇక్కడ ముక్కల కంటే మనిషిని చదవాలి. మాస్టారు నా ఆరు మీద ఇరవై పెట్టారంటే ఆయన దగ్గర ఉండేవి నాలుగే రకాలు, ఆసుల జత, రాజుల జత, రాణుల జత, లేదా ఆసూ రాజూ. లెక్కేస్తే పెద్ద జతలు 18 రకాలుగా, ఆసూ రాజూ 16 రకాలుగా. వీటన్నిటి మీదా కలిపి జాకీలు గెలిచేది నూటికి 36 సార్లు. అదే మేనల్లుడి స్నేహితుడు ఇరవై పెట్టాడనుకోండి, వాడు ఆసూ రాణితో పెడతాడు, పదులతో, తొమ్మిదులతో పెడతాడు, అవి కలిపితే నా గెలుపు యాభై దగ్గరికి వచ్చేస్తుంది. ఒకే జాకీలు, ఒకే ఇరవై, మనిషి మారితే చెయ్యి మారిపోతుంది. మాస్టారికి నేను వదిలేస్తాను. మేనల్లుడు ఒప్పుకోడు, "మధ్యలో 29 ఉన్నాయి, నువ్వు ఇంకో 14 పెడితే చాలు, మూడింట ఒకసారి గెలిచినా నష్టం లేదు, నీకు 36 ఉంది కదా" అంటాడు. లెక్క కరెక్టే. కానీ ఆ 36 రివర్ దాకా ఉండగలిగినవాడికి, ఫ్లాప్‌లో ఆసు పడితే మాస్టారు మళ్లీ పిక్కల కుప్పలు పేర్చడం మొదలుపెడతారు, అప్పుడు నేను ఉండను. మూడో జాకీ కోసమని పెడదామా అంటే ఎనిమిది తొమ్మిది సార్లకి ఒకసారి పడేదాని కోసం 14 పెట్టడం, ఆయన దగ్గర మిగిలేది 80, గిట్టుబాటు కాదు. ఈ ఒక్క విషయం మీద మేనల్లుడికీ నాకూ మూడు నెలలుగా వాదన నడుస్తోంది.

ఫ్లాప్‌లో బొమ్మ పడ్డాక వదలడం గురించి కూడా చెప్పాలి. రమ్మీలో మొదటే డ్రాప్ అయితే 20, మధ్యలో డ్రాప్ అయితే 40, ఆఖరి దాకా లాగి ఓడితే 80. మొదటి డ్రాప్ అందరూ సంతోషంగా చేస్తారు. మధ్యలో డ్రాప్ మాత్రం మావాళ్లకి నామోషీ, ఇంత దూరం వచ్చాక ఏంటి అని 80 దాకా లాగి తలపట్టుకుంటారు. జాకీలతో వచ్చేది ఎప్పుడూ ఆ మధ్య డ్రాపే. ఆసు పడింది, ఇద్దరు ఉన్నారు, ఒకడు గట్టిగా వేశాడు, రెండోవాడు ఇచ్చాడు, ఇంక అక్కడ నా జాకీలని కాపాడేవి పేకలో మిగిలిన రెండే ముక్కలు, అవి టర్న్‌లోనో రివర్‌లోనో పడేది నూటికి ఎనిమిది సార్లు. బావకి ఇది చెప్పక్కర్లేదు. ఏసీ గోడౌన్లలో సరుకు పెట్టి ధర కోసం చూసేవాళ్లని ఏళ్ల తరబడి చూశాడు, ఏ రోజు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించుకోవాలో తెలియడమే వ్యాపారం అంటాడు. జాకీలు వదిలేటప్పుడు ఆయన మొహంలో ఏమీ ఉండదు, తాలు కాయలు పక్కకి తోసినట్టు తోసేస్తాడు.

నా జబ్బు మళ్లీ వేరు. ఇన్ని తెలిశాక నేను మరీ తొందరగా వదిలేస్తున్నాను. రాజు పడితే చాలు ఎదుటివాడి దగ్గర రాజుందని నా మనసు తీర్పిచ్చేస్తుంది. ఆసూ రాజూ చేతిలో ఉన్నవాడికి కూడా మూడింట రెండుసార్లు ఫ్లాప్‌లో జత పడదు. బోర్డు మీద ఒక రాజు కనిపిస్తోందంటే పేకలో మిగిలినవి మూడే. ఇవన్నీ నోటికి చెప్పగలను, చెయ్యి మాత్రం వినదు.

మొన్నటి ఆటకి వస్తున్నా. నేను బటన్ మీద ఉన్నాను. ముందున్న ముగ్గురూ పడేశారు. ఆరుకి పెంచాను. స్మాల్ బ్లైండ్‌లో మేనల్లుడు పడేశాడు, బిగ్ బ్లైండ్‌లో బావ ఇంకో నాలుగు కలిపాడు. మధ్యలో 13. ఫ్లాప్ తెరిచాడు కుర్రాడు, ఆఠీను రాజు, కళావరు ఎనిమిది, ఇస్పేటు మూడు. బావ చెక్ అన్నాడు, అంటే ఏమీ వెయ్యకుండా వంతు నాకు వదిలాడు. నేను ఐదు వేశాను, ఎక్కువ వేస్తే చిన్నవన్నీ పారిపోతాయి, అసలు వెయ్యకపోతే ఏమీ తెలియదు. బావ మజ్జిగ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగి ఐదిచ్చాడు. 23. టర్న్ డైమను ఐదు. ఆయన చెక్, నేనూ చెక్, ఇక్కడిదాకా నా ఆటకి మేనల్లుడు కూడా వంక పెట్టలేదు. రివర్ కళావరు రెండు. పనికిరాని ముక్క. అప్పుడు బావ పన్నెండు పిక్కలు లెక్కపెట్టి, ఒక్కొక్కటీ గచ్చు మీద టక్కు టక్కుమని చప్పుడయ్యేట్టు పెట్టాడు.

మధ్యలో 35. నేను పెట్టాల్సింది 12. ఇంచుమించు నాలుగింట ఒకసారి నేను గెలిస్తే చాలు, నష్టం లేదు. ఆయన దగ్గర రాజు ఉండొచ్చు. ఆసూ ఎనిమిదీ ఉండొచ్చు, తొమ్మిదుల జత ఉండొచ్చు, టర్న్‌లో నేను చెక్ అన్నాను కాబట్టి నా దగ్గర ఏమీ లేదనుకుని కొట్టి ఉండొచ్చు. నేను ఆయన మొహంలోకి చూశాను. యార్డులో రోజూ రైతులతో, దళారులతో బేరాలాడే మొహం అది, అందులో ఏం కనపడుద్ది. కింద వీధిలో ఎవరిదో స్కూటర్ స్టార్ట్ కాక కిక్కు కొడుతున్నారు. మాస్టారు వాచీ చూసుకున్నారు.

"ఏంది బామ్మర్దీ, తెల్లారుద్ది" అన్నాడు బావ.

పడేశాను. పడేసేటప్పుడు తెరిచి చూపించాను కూడా, అదో వెధవ పని, మెచ్చుకుంటారనుకున్నానేమో. మేనల్లుడు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నాలుగింట ఒకసారి మావయ్యా, ఒక్కసారి! మా నాన్న నిన్ను చూసే వేశాడు, ముక్కలు చూసి కాదు." బావ తన రెండు ముక్కలూ మిగతా పేకలో తోసి, నేను అడిగేలోపే కలిపేశాడు.

కారెక్కేముందు అడిగితే, "రాజే, ఇంకేముంది, నువ్వు మంచి పని చేశావు" అన్నాడు. సోమవారం ఫోన్ చేసి వేరే విషయం మాట్లాడి చివర్న మళ్లీ అడిగితే, "అబ్బే, ఆరూ ఏడూ, ఊరికే కొట్టా" అన్నాడు. మూడోసారి అడిగితే గుర్తులేదన్నాడు, యార్డులో పదేళ్ల కిందటి ధరలు టిక్కీకి ఇంత అని చెప్పగలిగే మనిషి. నిన్న అక్కతో కనుక్కోమని చెప్పాను. "నాకూ చెప్పట్లేదురా, జాకీలు అని నిద్రలో ఒకటే నవ్వు" అంది.